ఒప్పుకోని మనిషిని మానసిక వైద్యశాలలో చేర్చవచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. అన్నయ్యకు 34 ఏళ్లు. ఆరేళ్ల కిందట స్కిజోఫ్రీనియా అని తేలింది. మందులు వాడినన్నాళ్లు ఉద్యోగం చేసుకున్నాడు. ఏడు నెలలుగా మందులు మానేశాడు. పక్కింటివాళ్లు ట్యాంకులో విషం కలుపుతున్నారని నీళ్లు తాగడం తగ్గించాడు. రాత్రిళ్లు నిద్ర లేదు. గత వారం అడ్డుపడిన అమ్మను తోసేస్తే ఆమె చెయ్యి వాచింది. ఆసుపత్రికి రానంటాడు. మేజిస్ట్రేటు ఆర్డరు తెచ్చుకోవాలని ఒకరు, పోలీసులకు చెప్పాలని ఒకరు అంటున్నారు. ఒక సెంటరు వాళ్లు వ్యానుతో నలుగురు మనుషులను పంపి తామే తీసుకెళ్తామంటున్నారు, 18 వేలు అడిగారు. ఏం చేయాలి?

జవాబు:

ముందు వ్యాను సంగతి. దయచేసి ఆ డబ్బు కట్టకండి. ఇప్పటికే కట్టి ఉంటే, పోయినా ఫరవాలేదు, రావద్దని ఈ రాత్రే చెప్పండి.

నేను విశాఖ కోర్టుల్లో ఇరవై ఏడేళ్లుగా న్యాయవాదిని. అందులో చాలా కాలం ఉచిత న్యాయ సహాయం తరఫున ఇలాంటి కుటుంబాలతోనే గడిచింది. అలా వ్యానులో ఎక్కించుకుపోయిన రోగులను తర్వాత కలిశాను. వాళ్లలో ఒకాయన ఇంట్లో తెల్లవారుజామున నాలుగింటికి తలుపు తీయించి, లుంగీ మీద ఉన్న మనిషిని చేతులు వెనక్కి విరిచి ఎక్కించారు. ఆయనకు నయమయ్యాక నాతో చెప్పిన మొదటి మాట జబ్బు గురించి కాదు. ‘చెప్పులు వేసుకోనివ్వలేదండీ, వీధిలో అందరూ చూశారు’ అన్నాడు. ఆ తర్వాత రెండేళ్లు ఆయన ఏ డాక్టరు గడపా తొక్కలేదు. తమ్ముడితో ఇప్పటికీ మాట్లాడడు. మీ అన్నయ్యకున్న జబ్బు ఒక్క చేరికతో తీరేది కాదు, బహుశా మళ్లీ మళ్లీ వైద్యం అవసరమవుతుంది. మొదటిసారి ఎలా తీసుకెళ్లారన్నదాన్ని బట్టే రెండోసారి ఆయన మీ వెంట వస్తాడో రాడో తేలుతుంది.

చట్టం కూడా మీ వైపు ఉండదు. మీ ఇంట్లోంచి ఒక వయోజనుడిని ఎత్తుకెళ్లే అధికారం ఏ ప్రైవేటు సెంటరుకూ లేదు. మానసిక రోగులను చేర్చుకునే ప్రతి సంస్థా రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్టరు కావాలి. మద్యం, మత్తు మాన్పిస్తామనే సెంటర్లకు ఇది వర్తించదని కొందరు చెబుతుంటారు. వర్తిస్తుంది. మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను చట్టం మానసిక వ్యాధి నిర్వచనంలోనే చేర్చింది. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 5 వేల నుంచి 50 వేల రూపాయల దాకా, మళ్లీ మళ్లీ చేస్తే 5 లక్షల దాకా జరిమానా ఉంది. కాబట్టి ఎక్కడికి వెళ్లినా ముందు రిజిస్ట్రేషన్ పత్రం చూపించమనండి. చూపించడానికి తటపటాయిస్తే వెనక్కి వచ్చేయండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఆయన ఒప్పుకోకపోయినా చేర్పించవచ్చా? కొన్ని షరతుల మీద, కొంత కాలానికి, చేర్పించవచ్చు. దానికి మేజిస్ట్రేటు ఆర్డరు అక్కరలేదు.

మేజిస్ట్రేటు మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను, ఎందుకంటే పాత తరం వాళ్లు, కొందరు వకీళ్లు కూడా, ఇంకా దాన్నే పట్టుకుని ఉన్నారు. 1912 నాటి లూనసీ చట్టం మానసిక రోగిని సమాజం నుంచి వేరుచేసి ఉంచాల్సిన మనిషిగా చూసింది. ఆ చట్టం నడుస్తున్న రోజుల్లోనే, భీమిలి దగ్గర మా పల్లెలో, మా బాబాయిని పెరట్లో జామచెట్టుకు గొలుసుతో కట్టేశారు. చెడ్డవాళ్లై కాదు. మా నాయనమ్మ రోజూ పక్కన కూర్చుని అన్నం కలిపి తినిపించేది, గొలుసు రాసుకున్నచోట కొబ్బరినూనె రాసేది. వైద్యం అన్నది ఒకటుందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు, అంతే. తర్వాత 1987 చట్టం వచ్చింది, 1993లో అమల్లోకి వచ్చింది. అందులోనూ మేజిస్ట్రేటు ఆర్డరుతో చేర్పించే పద్ధతి ఉండేది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక పాకలో నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. ఆ వార్త చదివిన రోజు మా నాన్న అన్నం తినలేదు.

ఇప్పుడు నడుస్తున్నది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మనిషిని గొలుసుతో కట్టడాన్ని ఇది ఏ రూపంలోనూ ఒప్పుకోదు. ‘ఇతనికి పిచ్చి ఉందా’ అన్నదాంతో ఆగిపోకుండా, ‘ఈ రోజు, ఈ విషయంలో, ఇతను తన వైద్యం గురించి తానే నిర్ణయించుకోగలడా’ అని అడుగుతుంది. వైద్యం గురించి చెప్పింది అర్థమవుతోందా, వద్దంటే ఏమవుతుందో గ్రహిస్తున్నాడా, తన నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో చెప్పగలుగుతున్నాడా అని చూస్తారు. ఇంకో మాట కూడా చట్టంలో స్పష్టంగా ఉంది. ఆయన నిర్ణయం మీకు తప్పుగా కనిపించినంత మాత్రాన నిర్ణయించుకునే శక్తి లేదని అనుకోకూడదు. కుటుంబాలకు మింగుడుపడనిది ఇదే. నాకు మాత్రం ఈ చట్టంలో అన్నిటికన్నా విలువైన వాక్యం ఇదేననిపిస్తుంది.

ఒప్పుకోని మనిషిని చేర్చే దారి 89వ సెక్షన్‌లో ఉంది. వైద్యులు దాన్ని సపోర్టెడ్ అడ్మిషన్ అంటారు. రోగి తరఫున నిలబడే ప్రతినిధి దరఖాస్తు ఇవ్వాలి. మీ అన్నయ్య ముందుగా ఎవరి పేరూ రాసి ఉండకపోతే బంధువు ప్రతినిధి కావచ్చు, అంటే మీరైనా అమ్మగారైనా. ఇద్దరు వేర్వేరుగా ఆయనను పరీక్షించాలి. అందులో ఒకరు తప్పనిసరిగా సైకియాట్రిస్టు, రెండోవారు మరో మానసిక ఆరోగ్య నిపుణుడు గానీ వైద్యుడు గానీ కావచ్చు. ఈ పరీక్షలు చేరే రోజున గానీ దానికి ముందు ఏడు రోజుల్లో గానీ జరిగి ఉండాలి. మూడింటిలో ఒకటైనా ఉందని ఇద్దరికీ అనిపించాలి. ఒకటి, ఈ మధ్య తనకు తాను హాని చేసుకోబోయాడు, లేదా చేసుకుంటానంటున్నాడు. రెండు, ఇతరులపై దౌర్జన్యం చేశాడు, లేదా చేస్తాడేమోనని వాళ్లు భయపడేలా ప్రవర్తించాడు. మూడు, తన ఆలనాపాలనా తాను చూసుకోలేక ప్రమాదంలో పడుతున్నాడు. మీరు రాసినదాన్ని బట్టి అమ్మగారిని తోసేయడం రెండోదానికి, నీళ్లు మానేయడం మూడోదానికి వస్తాయి. వీటితోపాటు ఇంతకన్నా తక్కువ నిర్బంధంతో వైద్యం చేసే మార్గం లేదని, చాలా ఎక్కువ సాయం లేకుండా ఆయన నిర్ణయం తీసుకోలేడని కూడా వైద్యులకు నమ్మకం కలగాలి.

ఇలా చేర్చుకున్నా గడువు 30 రోజులే. మగవారిని చేర్చుకుంటే ఏడు రోజుల్లో, స్త్రీలనూ మైనర్లనూ అయితే మూడు రోజుల్లో ఆసుపత్రి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలియజేయాలి. నిర్ణయించుకునే శక్తి తిరిగి వచ్చిందా అని ప్రతి ఏడు రోజులకూ చూడాలి. చేర్చడానికి కారణమైన ఆ షరతులు ఇక వర్తించకపోతే 30 రోజులదాకా ఆగకుండా ఆ రోజే ఆయన నిర్బంధం లేని రోగి అవుతాడు. ఇష్టమైతే ఉంటాడు, లేకపోతే ఇంటికి వస్తాడు. 30 రోజులు సరిపోకపోతే ఇద్దరు సైకియాట్రిస్టులు మళ్లీ పరీక్షించాలి, బోర్డు అనుమతించాలి. అప్పుడు 90 రోజులు, ఆ తర్వాత 120, ఆపైన 180 రోజుల చొప్పున పొడిగించవచ్చు. చేర్చుకోవడమే తప్పు అనిపిస్తే మీ అన్నయ్యే బోర్డుకు అర్జీ పెట్టుకోవచ్చు, ఏడు రోజుల్లో తేల్చాలి. ఆ హక్కు ఉందని ఆయనకు మీరే చెప్పండి. ‘నీకు నచ్చకపోతే అడగడానికి ఒక బోర్డు ఉందిరా’ అని తమ్ముడి నోటివెంట విన్న మనిషి కొంత మెత్తబడటం నేను కళ్లారా చూశాను.

అయితే 89వ సెక్షన్ దాకా వెళ్లేముందు మామూలు దారి ఒకటి మిగిలే ఉంది. ఎక్కువ మంది దాన్ని ప్రయత్నించకుండానే వదిలేస్తారు. మీ అన్నయ్య తనకు జబ్బు లేదంటాడు, కానీ నిద్ర పట్టడం లేదని ఆయనకూ తెలుసు. ‘నిద్రకు ఏమైనా ఇస్తారేమో అడుగుదాం’ అనడంలో అబద్ధం లేదు. విషం లేదని వాదించకండి. వాదించి గెలిచినవాళ్లను నేను చూడలేదు. ఆయన ఇంకా నమ్ముతున్న మనిషి ఎవరో చూడండి. మేనమామ కావచ్చు, పాత స్నేహితుడు కావచ్చు, ఆరేళ్ల కిందట చూసిన డాక్టరే కావచ్చు. ఆ మనిషితో చెప్పించండి. తానే ఒప్పుకుని చేరితే తన ఇష్టంతో బయటకు రావచ్చు. అప్పుడు కూడా పరిస్థితి ప్రమాదకరంగా ఉందని వైద్యుడికి అనిపిస్తే, 89వ సెక్షన్ కింద పరీక్షించడానికి 24 గంటల వరకు ఆపే వీలుంది.

అమ్మగారు పెరుగన్నంలో మాత్ర పొడి కలిపి పెడదామని అనుకుంటూ ఉండవచ్చు. దాదాపు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అనుకుంటారు. వద్దని చెప్పండి. కొన్నేళ్ల కిందట నా దగ్గరకు వచ్చిన ఒక తల్లి అదే చేసింది. కొడుకు మూడో ముద్దలో తెల్లని పలుకు నాలుకకు తగిలి, వేలితో తీసి, దీపం దగ్గర పెట్టి చూశాడు. విషం కలుపుతున్నారని అన్నాళ్లుగా చెబుతున్నవాడికి ఆ రోజు సాక్ష్యం దొరికింది, అదీ కన్నతల్లి చేతి ముద్దలో. ఆ తర్వాత ఇంట్లో ఏమీ తినలేదు. నీళ్లకే భయపడుతున్న మీ అన్నయ్య విషయంలో ఇది మరీ ప్రమాదం.

మీరు రేపు చేయగలిగింది ఇది. అన్నయ్యను తీసుకెళ్లకుండా మీరు ఒక్కరే పాత చీటీలు పట్టుకుని వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లండి. ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధమైన ఆసుపత్రి అది, మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచీ ఉంది. ప్రైవేటులో తెలిసిన సైకియాట్రిస్టు ఉంటే ఆయన దగ్గరకైనా సరే. ఒక నోటుపుస్తకంలో తేదీలు వేసి రాసుకుని వెళ్లండి: ఏ రోజు ఎంత నిద్రపోయాడు, ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాడు, అమ్మను తోసింది ఎప్పుడు, తోసేముందు ఏమన్నాడు. ‘చాలా గొడవ చేస్తున్నాడు డాక్టరుగారూ’ అంటే వైద్యుడికి ఏమీ తెలియదు. ‘నిన్న రెండు గ్లాసులే తాగాడు, మూత్రం పచ్చగా వస్తోంది’ అంటే తెలుస్తుంది. నీళ్లు బాగా తగ్గి, జ్వరం వచ్చి, మాట తడబడుతుంటే మానసిక వైద్యం కన్నా ముందు కింగ్ జార్జ్ ఆసుపత్రి (కె.జి.హెచ్.) లాంటి పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. ఆ తికమకకు శరీరంలోనే కారణం ఉండవచ్చు. అప్పుడు 108కి ఫోను చేయండి.

ఈలోగా పరిస్థితి చేయి దాటితే 94వ సెక్షన్ ఉంది. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు, తనకో ఇతరులకో తీవ్రమైన హాని జరగబోతున్నప్పుడు ఏ రిజిస్టర్డ్ వైద్యుడైనా, ఎక్కడైనా, ప్రతినిధి అందుబాటులో ఉంటే అతని అంగీకారంతో అత్యవసర చికిత్స చేయవచ్చు. దగ్గరలోని మానసిక వైద్యశాలకు తరలించడం కూడా ఆ చికిత్సలో భాగమే. మన దగ్గర దీని గడువు 72 గంటలు. ఈ పేరుతో కరెంటు చికిత్స ఇవ్వకూడదు. దాని గురించి అమ్మగారు భయపడుతుంటే చెప్పండి, మత్తు, కండరాల సడలింపు మందు లేకుండా దాన్ని ఎప్పుడూ, ఎవరికీ ఇవ్వకూడదని చట్టం నిషేధించింది.

పోలీసుల విషయం. వీధిలో తిరుగుతూ, మానసిక వ్యాధి వల్ల తనను తాను చూసుకోలేకనో, తనకో ఇతరులకో ప్రమాదంగానో కనిపించిన మనిషిని రక్షణలోకి తీసుకోవడం స్టేషన్ అధికారి బాధ్యత. 24 గంటలు దాటకుండా దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. మేజిస్ట్రేటు పాత్ర ఇప్పుడు వేరే. ఇంట్లో రోగిని హింసిస్తున్నా పట్టించుకోకుండా వదిలేసినా పోలీసులు ఆయనకు నివేదించాలి. పరీక్ష కోసం పది రోజులకు మించకుండా ప్రభుత్వ వైద్యశాలలో చేర్చమని ఆయన ఆదేశించవచ్చు. అంటే ఆ దారి ఉన్నది రోగిని కుటుంబం నుంచి కాపాడటానికి. మీ ఇంట్లో దౌర్జన్యం జరుగుతుంటే 112కు ఫోను చేయడంలో తప్పు లేదు, కానీ మొదటి వాక్యంలోనే ‘మా అన్నయ్యకు జబ్బు, ఆరేళ్లుగా వైద్యంలో ఉన్నాడు’ అని చెప్పండి. చీటీ చేతిలో పెట్టుకుని గేటు దగ్గర మీరే ఎదురువెళ్లండి. 2020 మే నెలలో ఇదే నగరంలో ఒక ప్రభుత్వ వైద్యుడిని పోలీసులు అదుపులోకి తీసుకుని మానసిక వైద్యశాలకు పంపిన ఉదంతం మీకు గుర్తుండే ఉంటుంది. హైకోర్టు దానిపై సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. చేర్చేటప్పుడు కాగితం ఎందుకు అంత ముఖ్యమో తెలియడానికి ఆ ఒక్క ఉదంతం చాలు.

అన్నయ్య లోపల ఉన్నప్పుడు మీరు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. బలవంతంగా గుండు చేయకూడదు. తన బట్టలు తాను వేసుకోవచ్చు. ఫోను చేసుకోవచ్చు, మిమ్మల్ని కలవవచ్చు, కలవనని చెప్పే హక్కు కూడా ఆయనకుంది. పని చేయిస్తే డబ్బివ్వాలి. ఏ సెక్షన్ కింద ఉంచారో, ఏ మందు ఎందుకిస్తున్నారో ఆయనకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. ‘మూడు నెలలు ఎవరూ చూడటానికి రాకూడదు, అదే మా పద్ధతి’ అనే చోట మనిషిని వదలకండి. వకీలు కావాలంటే ఖర్చు లేదు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇస్తుంది, 15100కు ఫోను చేయవచ్చు. మీకు రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ 14416 ఉంది. అక్కడ తెలుగులో మాట్లాడతారు. అది రోగికే కాదు, మీలాంటి తమ్ముడికీ, అమ్మగారికీ కూడా.

ఉద్యోగం, ఆస్తి గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు భయపెడతారు. మానసిక వైద్యశాలలో చేరినంత మాత్రాన ఎవరినీ ‘మతి స్థిమితం లేనివాడు’ అని చట్టం అనదు, అది కోర్టు విడిగా తేల్చాల్సిన విషయం. ఆయన వైద్య వివరాలు గోప్యం. ప్రతినిధిగా సంతకం చేసినంత మాత్రాన మీకు ఆయన బ్యాంకు ఖాతా మీద, ఇంటి మీద ఏ హక్కూ రాదు. ఈ మాట బంధువులందరి ముందు ఒకసారి పైకి చెప్పండి. ఆస్తి కోసం చేర్పించాడన్న మాట పుట్టకుండా ఉంటుంది.

ఇక ఆయన కోలుకున్నాక, తొందరేమీ లేకుండా, ఒక ఆదివారం కూర్చుని ముందస్తు ఆదేశం రాయించండి. మళ్లీ జబ్బు తిరగబెడితే తనకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో, ఎవరు తన ప్రతినిధో ఆయనే రాసుకోవచ్చు. దాన్ని సమీక్షా బోర్డు దగ్గర నమోదు చేయించాలి. అత్యవసర చికిత్సకు అది వర్తించదు, మిగతా వైద్యంలో డాక్టర్లు దాన్ని పాటించాలి, కాదనాలంటే బోర్డు ముందుకు వెళ్లాలి. ప్రతినిధి పేరు మార్చుకోవడం కూడా ఆయన ఇష్టమే, తెల్లకాగితం మీద రాసి సంతకం చేస్తే చాలు.

మొదట్లో చెప్పానే, వ్యానులో తీసుకెళ్లిన మనిషి, ఆయన కాగితం మా ఆఫీసులోనే రాశాడు. ముత్యాల్లాంటి దస్తూరి. ప్రతినిధిగా తమ్ముడి పేరు రాస్తాడనుకున్నాను, చిన్నప్పుడు తనను పెంచిన పిన్ని పేరు రాశాడు. మందుల పేర్లు రెండు రాసి, ఒకటి పడదని రాశాడు. కింద ఖాళీ ఉంటే కాసేపు ఆలోచించి ఇంకో వరుస కలిపాడు: ‘నన్ను తీసుకెళ్లేటప్పుడు పగటిపూట తీసుకెళ్లాలి. చెప్పులు వేసుకోనివ్వాలి.’